రెండు గంటల తరగతి, నూట యాభై రూపాయలు

మా అమ్మాయి చదివే విజయనగరం పాఠశాలలో తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. సీతంపేట వైపు నుంచి వచ్చిన సవర గిరిజన తెగ అమ్మాయి ఫోటోను, ఒంటి రంగును ఎగతాళి చేస్తూ, అందులో స్టిక్కరుగా తిప్పారు. నవ్వు బొమ్మలు పెట్టినవారిలో మా అమ్మాయీ ఉంది. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

పాఠశాలవారు తలకు 150 రూపాయలు తీసుకుని బయటి సంస్థ చేత అవగాహన తరగతి పెట్టించారు. మొదటి గంట వృథా: పాస్‌వర్డుల పాఠం, మైకు గురగురలు. రెండో గంటలో వచ్చినావిడ మాత్రం గట్టిది. స్టిక్కరు ఎవరు చేశారు, ఎవరు పంపారు, ఎవరు నవ్వారు అన్న వరుసను పిల్లల చేతే బోర్డు మీద గీయించారు. గిరిజనులను ఆ కారణంగానే నలుగురిలో అవమానిస్తే 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం దాకా పోవచ్చని చెప్పారు. పిల్లల సహాయానికి 1098 నంబరు రాయించారు. వెనక వరుసలో ఒక తండ్రి “సరదాకి చేశారండీ” అన్నాడు. “ఎవరి సరదా?” అని ఆవిడ అడిగితే కూర్చున్నాడు.

ఒక్కటి నచ్చలేదు. ఇదంతా ఆ అమ్మాయి ఎదుటే జరిగింది. ముందుగా ఆమెను ఎవరూ అడగలేదు. అందుకే ఈ తరగతికి నేనిచ్చేది అయిదుకు మూడు చుక్కలే. గ్రూపు ఇంకా నడుస్తోంది, అడ్మిన్‌గా అప్పుడున్న కుర్రాడే ఇప్పుడూ ఉన్నాడు.