కందిపప్పు, గుడ్డు, కీచురాళ్ళ పొడి: రోజూ తినడానికి ఏది మేలు?

తొలకరి పడిన సాయంత్రం పుట్టలోంచి ఉసిళ్ళు లేచాయంటే మా అవ్వ దీపం పట్టుకుని బయల్దేరేది. వెడల్పాటి గిన్నెలో నీళ్ళు పోసి దాని దగ్గర దీపం పెడితే, వెలుతురుకి వచ్చినవి వచ్చినట్టే నీళ్ళలో పడేవి. వాటిని మూకుట్లో వేయించి చేటలో చెరిగితే రెక్కలన్నీ ఎగిరిపోయేవి. వేయించిన బియ్యం, వేరుశనగ గుళ్ళు, ఉప్పు, కారం కలిపి పిల్లలకి తలా గుప్పెడు పెట్టేది. చుక్క నూనె వెయ్యకపోయినా నేతిలో వేయించినట్టుండేవి, ఎందుకంటే ఉసిళ్ళలో కొవ్వు ఎక్కువ.

అందుకే "పురుగులు తినడమేంటి, ఛీ" అంటే నాకు బాధగా ఉంటుంది. మన ఊళ్ళలో చాలామంది తిన్నారు, ఇప్పటికీ తింటున్నారు. బస్తర్‌లో ఎర్రచీమల చట్నీ సంతలో దొరుకుతుంది. ఒడిశాలోని మయూర్‌భంజ్ ఎర్రచీమల చట్నీకి 2024లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతానికే చెందిన సరుకని చెప్పే ముద్ర, కూడా వచ్చింది.

కానీ ఇప్పుడు వినిపించేది వేరే మాట. ఫారాల్లో కీచురాళ్ళని పెంచి, ఎండబెట్టి, పొడి చేసి, రోజువారీ తిండికి బదులు ఇదే తినమంటున్నారు. యూరోపియన్ యూనియన్ 2021లో పసుపు పిండిపురుగుకి, ఆ తర్వాత మిడతలకీ కీచురాళ్ళకీ అనుమతి ఇచ్చింది. సింగపూర్ 2024లో ఒకేసారి 16 రకాల పురుగులకి ఇచ్చింది. మరి మనం కూడా మారాలా?

అన్నం సంగతి తొందరగా తేలిపోతుంది. 100 గ్రాముల బియ్యంలో దాదాపు 78 గ్రాములు పిండి పదార్థమే. పురుగుల్లో అది లేనట్టే. కాబట్టి అన్నానికి గానీ రాగిసంకటికి గానీ పురుగులు బదులు కావు. వాటి పోటీ పళ్ళెంలో పక్కన ఉండే పప్పుతో, గుడ్డుతో.

100 గ్రాముల కీచురాళ్ళ పొడిలో 60 గ్రాముల దాకా ప్రొటీన్ ఉంటుందని చెబుతారు. కందిపప్పులో 22 గ్రాములే. చూడగానే పప్పు ఓడిపోయినట్టనిపిస్తుంది. అయితే రెండు విషయాలు గమనించాలి. పురుగు పైపెంకులో ఉండే కైటిన్‌లోనూ నత్రజని ఉంటుంది. ప్రొటీన్‌ని మామూలుగా నత్రజని బట్టే లెక్కగడతారు కాబట్టి ఆ అంకె అసలు కన్నా కొంచెం ఎక్కువగా కనిపిస్తుంది. రెండోది, ఆ పొడిని ఎవరూ 100 గ్రాములు తినరు. చపాతీ పిండిలో 10 గ్రాములు కలిపితే వచ్చేది సుమారు 6 గ్రాములు. ఒక కోడిగుడ్డులోనూ అంతే. ఒక మనిషి ఒక పూట తినే పప్పులోనూ, అంటే 30 గ్రాముల కందిపప్పులో, ఇంచుమించు అంతే వస్తుంది. ప్రొటీన్ అమైనో ఆమ్లాలనే చిన్న ముక్కలతో తయారవుతుంది. వాటిలో లైసిన్ అనేది పప్పులో ఎక్కువ, బియ్యంలో తక్కువ. బియ్యంలో ఉన్న మెథియోనిన్ అనే ఇంకో ముక్క పప్పులో తక్కువ. పప్పన్నం కలిపి తింటే ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తుంది. పప్పులో లేనిది విటమిన్ బీ12. అది గుడ్డులో ఉంటుంది. కీచురాళ్ళలో బీ12తో పాటు ఐరన్, జింక్ కూడా ఉంటాయి, ఆ మంచిని కాదనను.

నన్ను బాగా ఆలోచనలో పడేసింది మేత లెక్క. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2013లో తెచ్చిన నివేదికలో కిలో కీచురాళ్ళకి 1.7 కిలోల మేత చాలని, కోడికి 2.5 కిలోలు, గొడ్డుకి 10 కిలోలు కావాలని ఉంది. రోజూ గొడ్డుమాంసం తినే దేశాలకి ఇది పెద్ద లాభమే. మనకి ఆ లెక్క ఎలా వర్తిస్తుంది? మన ఇళ్ళలో ఎక్కువగా ఉడికేది పప్పు. పైగా కీచురాళ్ళకి వేసేది చాలాచోట్ల కోళ్ళ దాణానే. 2015లో కాలిఫోర్నియాలో చేసిన ఒక ప్రయోగంలో, కోళ్ళ దాణా తిన్న కీచురాళ్ళు మేతని ప్రొటీన్‌గా మార్చడంలో కోడికన్నా పెద్దగా మెరుగ్గా లేవని తేలింది. నాసిరకం చెత్త, గడ్డి పెడితే దాదాపు అన్నీ చచ్చిపోయాయి. మొక్కజొన్న, సోయా వేసి పురుగుని పెంచి, ఆ పురుగుని మనం తినడం కన్నా పప్పే నేరుగా తినడం మేలు కదా.

కంది చేను మేత అడగదు, పైగా నేలకి తిరిగి ఇస్తుంది. దాని వేళ్ళ బుడిపెల్లో ఉండే బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకి అందిస్తుంది. పత్తిలోనో జొన్నలోనో అంతరపంటగా వేస్తే, వానకే పండి, ఎండిన కట్టె పొయ్యిలోకి కూడా పనికొస్తుంది. తాండూరు కందికి ఆ రుచి రావడానికి అక్కడి నేలే కారణమంటారు. ఇంత చేసే పంటని పక్కన పెట్టి, ఫారంలో పెంచిన పొడిని ప్యాకెట్లలో కొనమని మన రైతుకి ఎలా చెప్పగలం?

అందుకే రోజూ తినడానికి నా ఓటు పప్పుకీ గుడ్డుకీ. ఉసిళ్ళు మాత్రం వానాకాలంలో దొరికినప్పుడు సిగ్గుపడకుండా తినండి. పురుగుమందు కొట్టిన చేల పక్కన పట్టినవి మాత్రం వద్దు. రొయ్యలు పడనివాళ్ళు పురుగుల జోలికి అసలు పోవద్దు. రెండింటిలోనూ ఒకే తీరు ప్రొటీన్ ఉంటుంది కాబట్టి దద్దుర్లు, ఒక్కోసారి ఊపిరాడకపోవడం దాకా రావచ్చు.

పురుగుల పెంపకం మొత్తం వద్దని కాదు. బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ పిల్లపురుగులు కూరగాయల తుక్కు, మిగిలిన అన్నం తిని బలుస్తాయి. వాటిని కోళ్ళకి, చేపలకి, రొయ్యలకి మేతగా వేయొచ్చు. యూరప్‌లో 2017 నుంచి చేపలకి, 2021 నుంచి కోళ్ళకి, పందులకి ఇలా పురుగుల మేత పెట్టనిస్తున్నారు. రొయ్యల మేతలో చేపల పొడి, సోయా పడతాయి, వాటి ధర పెరిగినప్పుడల్లా భీమవరం వైపు చెరువుల వాళ్ళ మీద భారం పడుతుంది. మన మార్కెట్ యార్డుల్లో కుళ్ళి వాసన కొట్టే టమాటా గుట్టలు ఆ పిల్లపురుగుల నోట్లోకి వెళ్ళాలి, అవి చెరువులోకి వెళ్ళాలి.