పాప 18 కిలోలు దాటేదాకా వాడిన చైల్డ్ సీటు

మా పాప మొన్న 18 కిలోలు దాటింది. చైల్డ్ సీటు మీద రాసిన హద్దు కూడా అంతే కాబట్టి మా ఇంట్లో దాని పని అయిపోయింది. కుషన్ మెత్తదనం, కప్ హోల్డర్ లాంటి సంగతులు కొన్న వారానికే అందరూ రాసేస్తారు. నేను రాసేది ఎక్కువగా బిగించడం గురించి. ఎంత ఖరీదైన సీటైనా కారులో వదులుగా ఉంటే దండగే.

ఇది ఆర్44 (పిల్లల సీట్లకి ఐక్యరాజ్యసమితి పెట్టిన భద్రతా ప్రమాణం) లేబుల్ ఉన్న కన్వర్టిబుల్ రకం. 13 కిలోల వరకు పాప ముఖం కారు వెనకవైపు ఉండేలా, 9 నుంచి 18 కిలోల వరకు ముందుకు ఉండేలా పెట్టుకోవచ్చు. 9 కిలోలు రాగానే తిప్పేయమని ఇంట్లో ఒకటే గొడవ. "పాపం, కాళ్లు చాపుకోలేకపోతోంది" అని మా అమ్మ. మేం 13 దగ్గర పడేదాకా తిప్పలేదు. పసిపిల్లలకి ఒంటితో పోలిస్తే తల బరువు, మెడ లేత. ఎదురుగా దేన్నైనా గుద్దుకుంటే, వెనక్కి తిరిగి ఉన్న సీటు వీపునీ తలనీ మెడనీ కలిపి ఆపుతుంది. ఇక కాళ్ల సంగతంటారా, బాసింపట్టు వేసుకుని హాయిగా నిద్రపోయేది.

వెనక్కి పెట్టినన్నాళ్లూ కారు బెల్టుతోనే కట్టాం. బెల్టు ఎటు పోవాలో నీలం గుర్తులు చూపిస్తాయి, ముందుకు తిప్పినప్పుడు ఎర్ర గుర్తులు. సీటు మీద బరువంతా మోపి, ముందు నడుము బెల్టు, తర్వాత భుజం బెల్టు లాగి, లాక్-ఆఫ్ క్లిప్పు వేయాలి. ఈ సీటులో నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ క్లిప్పే. మామూలు కారు బెల్టు కుదుపు వస్తేనే పట్టుకుంటుంది, మిగతాప్పుడు సాగుతూనే ఉంటుంది. క్లిప్పు లేకపోతే మన స్పీడ్ బ్రేకర్లకి సీటు వదులైపోతుంది. బిగించాక బెల్టు పోయే చోట పట్టుకుని అటూ ఇటూ ఊపితే అంగుళానికి మించి కదలకూడదు. వెనక్కి తిరిగిన సీటు తల దగ్గర కాస్త ఊగుతుంది, దానికి టెన్షన్ పడక్కర్లేదు.

ముందుకు తిప్పాక ఐసోఫిక్స్‌కి మారాం, అంటే బెల్టు లేకుండా సీటుని నేరుగా కారుకే తగిలించడం. పని చాలా సులువైంది. వెనక సీటు సందులో ఉన్న రెండు కమ్మీలకి సీటు చేతులు టక్కుమని తగులుకుంటాయి, రెండు వైపులా ఎరుపు పోయి ఆకుపచ్చ కనిపించాలి. చాలామంది అక్కడితో ఆపేస్తారు. పైన ఉండే టాప్ టెథర్ పట్టీ తగిలించకపోతే, ఢీకొన్నప్పుడు సీటు పైభాగం ముందుకు తూలి పిల్లల తల ముందు సీటుకి కొట్టుకునే ప్రమాదం ఉంది. మా కారులో దాని కొక్కెం వెనక సీటు వీపుకి, డిక్కీ వైపు ఉంది. సామాను కట్టే కొక్కేలు కూడా చూడ్డానికి అలాగే ఉంటాయి, వాటికి మాత్రం తగిలించొద్దు. కారు మాన్యువల్లో బొమ్మ ఉంటుంది.

మన దగ్గర అసలు తలనొప్పి సీటు కవర్లు. మేం బయట షాపులో వేయించిన రెక్సిన్ కవరు ఐసోఫిక్స్ సందుని పూర్తిగా కప్పేసింది, మళ్లీ వెళ్లి కోయించాల్సి వచ్చింది. క్యాబుల్లో ఇంకా ఘోరం. వెనక బెల్టు బకిల్ చాలాసార్లు కవరు కిందే పూడుకుపోయి ఉంటుంది. బుక్ చేయగానే డ్రైవరుకి ఫోన్ చేసి, "అన్నా, వెనక బెల్టు కొంచెం బయటికి తీసి పెడతారా" అని అడగడం అలవాటైపోయింది. గుంటూరులో నాన్నగారి పాత కారులో ఐసోఫిక్స్ లేదు, మధ్య సీటుకి నడుము బెల్టు మాత్రమే. అక్కడ పక్క సీటే గతి. ముందు సీటు ఆలోచనే వద్దు: ఎయిర్‌బ్యాగ్ ఆన్‌లో ఉండగా వెనక్కి తిరిగిన సీటు అక్కడ పెట్టడం ప్రాణాంతకం.

పెళ్లిళ్లకి వెళ్లేటప్పుడు పట్టు లంగాతో తంటా. పాపని సీటులో కట్టి ఉంచే పట్టీల్లో (హార్నెస్) ఒకటి కాళ్ల మధ్య నుంచి రావాలి. లంగా కుచ్చిళ్ల మీద బిగిస్తే బిగిసినట్టే అనిపిస్తుంది గానీ లోపల అంతా వదులే. అందుకే గౌనులో తీసుకెళ్లి, దిగే ముందు లంగా మార్చేవాళ్లం. భుజం దగ్గర పట్టీని వేళ్లతో గిల్లితే మడత రాకూడదు, అదీ కొలత.

లోపాలూ ఉన్నాయి. సీటు బరువు, ఒక కారులోంచి ఇంకో కారులోకి మార్చడానికి నడుము పడిపోతుంది. మే నెల ఎండలో బకిల్ కాలుతుంది, తెల్ల తువ్వాలు కప్పి ఉంచేవాళ్లం. బిస్కెట్ పొడి పడి బకిల్ బిగుసుకుపోయేది. కవరు ఉతకొచ్చు, పట్టీలు మాత్రం తడిగుడ్డతో తుడవడమే.

2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 194బి కింద, 14 ఏళ్లలోపు పిల్లలకి బెల్టో చైల్డ్ సీటో లేకపోతే 1000 రూపాయల జరిమానా ఉంది. మమ్మల్ని దారిలో ఎవరూ ఆపి అడగలేదు. ఒళ్లో కూర్చోబెట్టుకుంటానన్న అమ్మకి కూడా జరిమానా సంగతి చెబితే పని జరగలేదు. హైదరాబాద్ నుంచి గుంటూరు వెళ్లేటప్పుడు సూర్యాపేటలో ఆగి, పాపని దించి ఆమె ఒళ్లో పెట్టడంతో రాజీ కుదిరింది. ఎలాగూ పసిపిల్లల్ని గంటల తరబడి సీటులోనే ఉంచకూడదు.

ఇప్పుడు కొనేవాళ్లు ఆర్44 తర్వాత వచ్చిన కొత్త ప్రమాణం, ఆర్129 లేబుల్ ఉన్నది చూడండి. అది ఎత్తుని బట్టి ఎంచుకునేది, పక్క నుంచి ఢీకొట్టే పరీక్ష కూడా అందులో ఉంది, 15 నెలలు నిండేదాకా ముందుకు తిప్పనివ్వదు. మా సీటు తమ్ముడి కొడుక్కి వెళ్తోంది. యాక్సిడెంట్ కాలేదని మాకు తెలుసు, దాని మీద వేసిన గడువు కూడా మిగిలే ఉంది. ఈ రెండూ తెలియని సీటు ఎవరైనా ఊరికే ఇచ్చినా నేనైతే తీసుకోను.