ప్రోస్టేట్‌కి విటమిన్ ఇ మేలా, సెలీనియం మేలా? జీన్ రిపోర్టు ఎంతవరకు తేలుస్తుంది?

నాన్నకో పెదనాన్నకో ప్రోస్టేట్ క్యాన్సర్ వచ్చిన ఇళ్లలో కొడుకులు పదేపదే అడిగే ప్రశ్న ఇది: ముందు జాగ్రత్తగా విటమిన్ ఇ వేసుకోవాలా, సెలీనియమా, రెండూనా? ఈ మధ్య ఉమ్మి శాంపిల్ పంపి జీన్ రిపోర్టు తెప్పించుకుని, "నాది ఎస్‌ఓడీ2 అనే జీన్‌లో ఫలానా రకం, ఏ మాత్ర పనిచేస్తుంది?" అని కూడా అడుగుతున్నారు.

విటమిన్ ఇ మీద ఆశ ఫిన్లాండ్‌లో పుట్టింది. 29,133 మంది పొగతాగే మగవాళ్లతో చేసిన ఏటీబీసీ ట్రయల్‌లో రోజూ 50 మిల్లీగ్రాములు వేసుకున్నవాళ్లకి ప్రోస్టేట్ క్యాన్సర్ 32 శాతం తక్కువగా వచ్చింది. సెలీనియం మీద ఆశ అమెరికాలో 1,312 మందితో చేసిన చర్మ క్యాన్సర్ ట్రయల్ నుంచి వచ్చింది. రోజుకు 200 మైక్రోగ్రాములతో ప్రోస్టేట్ క్యాన్సర్ 63 శాతం తగ్గిందని 1996లో ప్రకటించారు.

ఈ రెండింటినీ నేరుగా పరీక్షించడానికే 2001లో సెలెక్ట్ ట్రయల్ మొదలైంది. 35,533 మంది. కొందరికి 400 యూనిట్ల విటమిన్ ఇ, కొందరికి 200 మైక్రోగ్రాముల సెలీనియం, కొందరికి రెండూ, మిగిలినవాళ్లకి డమ్మీ మాత్రలు. ప్రయోజనం కనబడక 2008లో మాత్రలు ఆపించారు. 2011 నాటికి డమ్మీ మాత్రలవాళ్లలో 529 కేసులు తేలితే, విటమిన్ ఇ ఒక్కటే వేసుకున్నవాళ్లలో 620 తేలాయి. అంటే 17 శాతం ఎక్కువ. జుట్టుకి, చర్మానికి అంటూ మనవాళ్లు మందుల షాపులో చీటీ లేకుండా కొనే 400 క్యాప్సూల్ మోతాదు ఇదే. కృత్రిమ విటమిన్ ఇ అసిటేట్‌లో ఒక యూనిట్ అంటే ఒక మిల్లీగ్రామే కాబట్టి, అది ఫిన్లాండ్ మోతాదుకి ఎనిమిది రెట్లు.

మరి సెలీనియం ఎందుకు పనిచేయలేదు? నా దృష్టిలో అసలు సంగతి ఇక్కడే ఉంది. పాత ట్రయల్‌లో చేరినవాళ్ల రక్తంలో సెలీనియం మిల్లీలీటరుకి సగటున 114 నానోగ్రాముల దగ్గర ఉండేది, సెలెక్ట్‌లో 135 దగ్గర. పాత ట్రయల్‌లో కూడా లాభం కనిపించింది తక్కువ ఉన్నవాళ్లలోనే. సెలెక్ట్‌లో మొదట్లోనే దాచిన కాలిగోళ్లలో సెలీనియం కొలిచి 2014లో ఫలితాలు చెప్పారు. అప్పటికే ఎక్కువ ఉన్నవాళ్లు పైనుంచి సెలీనియం వేసుకుంటే తీవ్ర రకం క్యాన్సర్ 91 శాతం పెరిగింది. తక్కువ ఉన్నవాళ్లు విటమిన్ ఇ ఒక్కటే వేసుకుంటే మొత్తం క్యాన్సర్ 63 శాతం పెరిగింది. ఒంట్లో ముందే ఎంత సెలీనియం ఉందన్న ఒక్క కొలత రెండు మాత్రల హానినీ చెప్పేస్తోంది.

ఇక జీన్. కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలో పుట్టే సూపరాక్సైడ్ అనే హానికర పదార్థాన్ని ఎస్‌ఓడీ2 జీన్ తయారుచేయించే ఎంజైమ్ హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుస్తుంది. ఈ ఎంజైమ్ ప్రోటీన్‌లో 16వ స్థానంలో వాలీన్ అనే అమైనో ఆమ్లం ఉంటే అది లోపలి పొర దగ్గర కొంత ఇరుక్కుపోతుంది, అలనీన్ అనే మరో అమైనో ఆమ్లం ఉంటే సాఫీగా లోపలికి వెళ్తుంది. చురుకైన అలనీన్ రకమే మంచిదనిపిస్తుంది కానీ, అలా తయారైన పెరాక్సైడ్‌ని నీళ్లుగా మార్చే ఎంజైముల్లో ముఖ్యమైనదానికి సెలీనియం కావాలి. అది చాలకపోతే పెరాక్సైడ్ పేరుకుంటుంది. 2005లో అమెరికా డాక్టర్ల రక్త నమూనాలు చూసినప్పుడు, అమ్మ నుంచి, నాన్న నుంచి వచ్చిన రెండు ప్రతులూ అలనీన్ రకమైనవాళ్లలో యాంటీ ఆక్సిడెంట్లు బాగా ఉన్నవాళ్లకీ తక్కువున్నవాళ్లకీ మధ్య తీవ్ర రకం క్యాన్సర్ ముప్పులో దాదాపు పదిరెట్ల తేడా కనిపించింది. కానీ అవి రక్తంలో ఉన్న స్థాయిలు. మాత్రలిచ్చి తేల్చిన ఫలితం కాదు.

రిపోర్టు చదవడంలో ఒక పెద్ద పొరపాటు జరుగుతోంది. పరిశోధన పత్రాల్లో "ఏఏ" అంటే రెండూ అలనీన్. టెస్టు కంపెనీ ఇచ్చే ముడి డేటా ఫైల్లో ఆర్ఎస్4880 (జీన్‌లో ఈ చోటుకి ఇచ్చిన కోడ్) పక్కన "ఏఏ" అని ఉంటే అది డీఎన్ఏ అక్షరం. డీఎన్ఏకి ఉండే రెండు పోగుల్లో ఆ జీన్, ఫైల్ చదివే పోగుకి ఎదురు పోగు మీద ఉంది కాబట్టి అక్కడ ఏ అంటే వాలీన్, జీ అంటే అలనీన్. సరిగ్గా తలకిందులు!

ఇక మిగతా యాంటీ ఆక్సిడెంట్ల సంగతి. బీటా కెరోటిన్ మాత్రల జోలికి పొగతాగేవాళ్లు వెళ్లకూడదు, వాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ పెరిగింది. విటమిన్ సి 500 మిల్లీగ్రాములతో తేడా ఏమీ రాలేదు. టమాటాకి ఎరుపునిచ్చే లైకోపీన్‌కి మాత్ర అక్కర్లేదు, నూనెలో మగ్గిన టమాటా చాలు.

కాబట్టి విటమిన్ ఇ 400 క్యాప్సూల్ ప్రోస్టేట్ కోసం వద్దే వద్దు. సెలీనియం రక్త పరీక్షలో లోటు తేలితేనే, అదీ డాక్టరు చెప్పిన మోతాదులో. రక్తం ట్రేస్ ఎలిమెంట్ ట్యూబులోనే (సూక్ష్మ ఖనిజాలు కొలవడానికి వాడే ట్యూబు) తీయించాలి, మామూలు ట్యూబులో కలిసే లోహాల వల్ల అంకె తప్పొస్తుంది. మల్టీవిటమిన్ వాడుతుంటే అందులో సెలీనియం ఎంతో లేబుల్ మీద చూడండి. అమెరికాలో ఉంటున్న మనవాళ్లలో చాలామందికి అక్కడి తిండితోనే సరిపడా అందుతుంది.

జీన్ టెస్టుకే డబ్బు పెడతామంటే ఎస్‌ఓడీ2 కన్నా, లోపముంటే ప్రోస్టేట్ క్యాన్సర్ ముప్పు పెంచే బీఆర్‌సీఏ2 జీన్ చూపించుకోండి. అందులో లోపం ఉంటే పీఎస్ఏ (ప్రోస్టేట్ రక్త పరీక్ష) పరీక్షలు 40 ఏళ్లకే మొదలుపెడతారు. వీలైతే ముందు జబ్బు వచ్చిన నాన్నకే చేయించాలి. ఆయనలో లోపం దొరికితే కొడుకులకీ కూతుళ్లకీ ఆ ఒక్క చోట చూస్తే సరిపోతుంది.