అక్టోబరులో పుట్టిన పిల్లలకు ఏది మేలు: పాత టీమా, కొత్త గ్రూపా?

అమెరికాలో పిల్లల సాకర్ వయసు గ్రూపుల లెక్క మారుతోంది. మార్చి నుంచి ఒకటే ప్రశ్న. మైదానం పక్కన మడత కుర్చీల్లో, పుట్టినరోజు పార్టీల్లో, చివరికి గుడి పార్కింగ్‌లో కూడా. “అన్నా, మావాడు నవంబరు. కింది గ్రూపులో వెయ్యమంటావా, ఉన్న టీమ్‌తోనే ఉంచమంటావా?” మా ఇంట్లోనూ నెలరోజులు ఇదే పంచాయితీ నడిచింది. ట్రైఅవుట్లు (టీమ్ ఎంపికలు) అయిపోయి కాస్త తీరిక దొరికింది కాబట్టి, విడివిడిగా చెబుతూ వచ్చినదంతా ఒక్కచోట రాసేస్తున్నాను.

ముందు నియమం సంగతి. 2026-27 సీజన్ నుంచి పిల్లల సాకర్ నడిపే యూఎస్ యూత్ సాకర్, యూఎస్ క్లబ్ సాకర్, ఏవైఎస్ఓ సంస్థలు, జనవరి నుంచి డిసెంబరు దాకా పుట్టినవాళ్లను ఒక గ్రూపులో వేసే పుట్టిన సంవత్సరం లెక్క వదిలేసి ఆగస్టు 1 నుంచి జూలై 31 లెక్కకు వస్తున్నాయి. నిజానికి ఇది పాత లెక్కే. 2015లో యూఎస్ సాకర్ ఫెడరేషన్ దేశమంతటినీ జనవరి 1కి మార్చమంది, 2017కల్లా అందరూ మారారు. ఫీఫా అండర్-17 లాంటి అంతర్జాతీయ పోటీలు జనవరి లెక్కన జరుగుతాయి కాబట్టి మన పిల్లలూ అలాగే పెరగాలన్నది అప్పటి వాదన. జాతీయ జట్టుకు వెళ్లే గుప్పెడు మంది కోసం ఊరూరా ఆడే లక్షల మందిని తరగతి స్నేహితుల నుంచి విడదీశారని అప్పుడే చాలామంది గొణిగారు. 2024 నవంబరులో ఫెడరేషన్ ఆ నిర్ణయాన్ని సంస్థలకే వదిలేసింది. వాళ్లు ముందు సెప్టెంబరు 1 అన్నారు, తర్వాత 2025లోనే మళ్లీ ఆగస్టు 1 అన్నారు. మధ్యలో ఆగస్టు పిల్లల అమ్మానాన్నలు పడ్డ యాతన మా వాట్సాప్ గ్రూపు చూసినవాళ్లకే తెలుసు.

జనవరి నుంచి జూలై మధ్య పుట్టినవాళ్లకు ఏ తేడా లేదు, ఎప్పట్లాగే ఏడాదికో మెట్టు పైకి. మార్చి 2014లో పుట్టినవాడు ఈ ఏడు యూ12 (పన్నెండేళ్లలోపు గ్రూపు) ఆడితే వచ్చే ఏడు యూ13. చిక్కంతా ఆగస్టు నుంచి డిసెంబరు దాకా పుట్టినవాళ్లకే. మావాడు అక్టోబరు 2014. ఈ ఏడు యూ12 ఆడాడు. కొత్త లెక్కలో ఆగస్టు 2014 నుంచి జూలై 2015 దాకా పుట్టినవాళ్లు వచ్చే ఏడు యూ12. అంటే మావాడు మళ్లీ యూ12.

మనవాళ్లకు గుచ్చుకునేది ఈ “మళ్లీ” అన్న మాటే. పిల్లాడు పరీక్ష తప్పి అదే క్లాసు రెండోసారి చదువుతున్నట్టు ముఖాలు పెడతారు. ఒక స్నేహితుడైతే “వీడు లెవెల్ దిగిపోయాడని అందరూ అనుకోరూ?” అన్నాడు. ఆ అందరూ ఎవరో అడిగితే చెప్పలేకపోయాడు. దేశమంతా ఆ అయిదు నెలల్లో పుట్టిన పిల్లలందరూ ఒకేసారి జరుగుతుంటే దిగిపోయినట్టు ఎవరనుకుంటారు? ఈ దిగులు పెద్దవాళ్లదే. మావాడు అడిగింది ఒక్కటే: “మళ్లీ చిన్న బంతేనా?” అవును, యూ12లో 4వ నంబరు బంతే. 5వ నంబరు యూ13 నుంచి.

ఇక రెండు దారులు. ఒకటి, కొత్త లెక్క ప్రకారం యూ12లో ఆడటం. రెండు, పాత టీమ్‌తో పాటే యూ13కి వెళ్లడం, అంటే ప్లే అప్. నియమం దీన్ని ఆపదు. చిన్నవాళ్లు పెద్ద గ్రూపులో ఆడొచ్చు, పెద్దవాళ్లు చిన్న గ్రూపులో ఆడకూడదు. ఎంతమందిని పైకి పంపాలన్నది మాత్రం క్లబ్బు ఇష్టం.

ముందు పాత టీమ్ వైపు మాట్లాడతాను, అందులోనూ బలముంది కాబట్టి. ఆ పిల్లలతో మూడేళ్లుగా ఆడుతున్నాడు. ఎవడు ఎటు పరుగెత్తుతాడో చూడకుండానే తెలుసు. కోచ్‌కు వీడి సంగతి తెలుసు, అరిస్తే ముడుచుకుపోతాడని, పక్కకు పిలిచి చెబితే వింటాడని. కొత్త టీమ్‌లో ఇదంతా మొదటి నుంచి. పైగా యూ13 అంటే పదకొండు మంది ఆట, పూర్తి మైదానం, అసలైన ఆఫ్‌సైడ్ తలనొప్పులు. ఆటలో నిజంగా ముందున్న పిల్లాడు ఒక ఏడాది ముందే ఆ వేగానికి అలవాటు పడితే మంచిదే. ఒళ్లు కూడా ముందే ఎదిగిన పిల్లలైతే వాళ్లను యూ12లోని తొమ్మిది మంది ఆటలో ఇంకో ఏడాది ఉంచడం విసుగే. అక్కడ వాళ్లు బంతి పట్టుకుని అందర్నీ తోసుకుంటూ పోతారు. ఆ అలవాటు తర్వాత వదలడం కష్టం.

కానీ అలాంటి పిల్లలు టీమ్‌కు ఒకరో ఇద్దరో. మిగతావాళ్ల సంగతి వేరు. పూర్తి మైదానంలో ఉండే పెద్ద గోలు వెడల్పు 24 అడుగులు, ఎత్తు 8 అడుగులు. మా టీమ్ గోల్‌కీపరు కూడా నవంబరు పిల్లాడే. ఒకరోజు సరదాకు వాణ్ని ఆ గోలు ముందు నిలబెడితే, చేతులెత్తి ఎగిరినా అడ్డుకర్రకు ఇంకా చాలా దూరం. వాడి తప్పేం లేదు, ఎముకలు ఇంకా పెరగలేదు. అంతే.

అయినా నా తూకంలో మైదానం సైజు రెండోదే. మొదటిది బడి.

న్యూజెర్సీలో మా డిస్ట్రిక్టుతో సహా చాలా డిస్ట్రిక్టుల్లో కిండర్‌గార్టెన్‌లో చేరాలంటే అయిదేళ్లు నిండాల్సిన గడువు అక్టోబరు 1. ఆ లెక్కన మావాడు వచ్చే సెప్టెంబరులో ఆరో తరగతి. పాత టీమ్‌లో జనవరి నుంచి జూలై దాకా పుట్టినవాళ్లందరూ ఏడో తరగతి. ఇప్పుడు ఈ తేడా కనిపించదు. 2028 ఫాల్‌లో, అంటే ఆకురాలు కాలంలో కనిపిస్తుంది. అప్పుడు ఆ పిల్లలు తొమ్మిదో తరగతికి, అంటే హైస్కూలుకు వెళ్తారు. ఇక్కడ హైస్కూల్ సాకర్ సీజన్ ఫాల్‌లోనే. వాళ్లంతా స్కూల్ టీమ్‌లకు వెళ్లిపోతే, ఎనిమిదో తరగతిలో ఉన్న మావాడికి ఆ మూడు నెలలు క్లబ్బులో టీమే ఉండదు. ఇలా మధ్యలో చిక్కుకున్నవాళ్లను ఇక్కడ “ట్రాప్డ్ ప్లేయర్స్” అంటారు. ఉచ్చులో పడ్డవాళ్లని అర్థం. పేరు కాస్త నాటకీయంగా ఉంటుంది కానీ, చూసినవాళ్లకు అతిశయోక్తి అనిపించదు.

మా పెద్దవాడి విషయంలో ఇది చూశాను. వాడూ డిసెంబరు పిల్లాడే, పుట్టిన సంవత్సరం లెక్క కాలంలో పెరిగినవాడు. వాడి ఎనిమిదో తరగతి ఫాల్‌లో టీమ్‌లో మిగిలింది అయిదుగురు. క్లబ్బు వాళ్లను ఇంకో రెండు టీమ్‌ల మిగులుతో కలిపి ఒక అతుకుల బొంత టీమ్ కుట్టింది. సగం ఆటలు రద్దయ్యాయి. ప్రాక్టీసుకు ఒకరోజు ఏడుగురు, ఒకరోజు నలుగురు. ఫీజు మాత్రం పూర్తిగా కట్టించుకున్నారు. వసంతానికి పాత టీమ్ తిరిగొచ్చేసరికి స్నేహితులు హైస్కూల్ కబుర్లతో, హైస్కూల్ జాకెట్లతో దిగారు. వీడు ఆటలో కన్నా మనసులో ఎక్కువ వెనకబడ్డాడు. ఆ ఏడాదిని ఇంకో పిల్లాడి మీద రుద్దే ఉద్దేశం నాకు లేదు.

కొత్త లెక్క తెచ్చిందే ప్రధానంగా ఈ ఉచ్చును విప్పడానికి. తరగతీ టీమూ ఒకటైతే అందరూ కలిసి హైస్కూలుకు వెళ్తారు, కలిసి తిరిగొస్తారు. అలాంటప్పుడు మన పిల్లాణ్ని పై గ్రూపులో ఉంచడమంటే, తీసేసిన ఉచ్చును మనమే వెతుక్కుని వెళ్లి అందులో కాలు పెట్టడం. ఇంకా ఘోరం ఏంటంటే, ఇంతకుముందు ఎనిమిదో తరగతిలో చిక్కుకునేవాళ్లు ప్రతి టీమ్‌లోనూ కొందరు ఉండేవాళ్లు, అతుకుల బొంత అయినా కుట్టేవాళ్లు. ఇకమీదట ప్లే అప్ చేసిన ఒక్కరో ఇద్దరో మిగులుతారు. వాళ్ల కోసం ఎవరూ ఏమీ కుట్టరు.

ఇక్కడే ఒక మెలిక. ఇదంతా మీ ఊరి బడి గడువును బట్టే. న్యూయార్క్ సిటీ బడుల్లో లెక్క డిసెంబరు 31. అక్కడ అక్టోబరు 2014 పిల్లాడు, మార్చి 2014 పిల్లాడు ఒకే తరగతి. వాళ్లకు పుట్టిన సంవత్సరం లెక్కే బడితో సరిగ్గా సరిపోయేది. కొత్త లెక్క వాళ్లను ఒక తరగతి చిన్నవాళ్లతో కలుపుతోంది. కాబట్టి హడ్సన్ నదికి అవతల ఉన్న మిత్రులారా, పైన చెప్పినదంతా తిరగేసి చదువుకోండి. మీ అక్టోబరు పిల్లలకు పాత టీమే మేలు. అలాగే మా దగ్గర కూడా ఆగస్టు, సెప్టెంబరుల్లో పుట్టి, అక్టోబరు గడువు పుణ్యమా అని ముందే బడిలో చేరినవాళ్లు ఉన్నారు. వాళ్లకు తరగతి స్నేహితులందరూ పై గ్రూపులో ఉంటారు. వాళ్లూ పైకి వెళ్లడమే సరి. అదే ఆగస్టు పిల్లాణ్ని ఒక ఏడాది ఆగి బడిలో చేర్పించి ఉంటే కింది గ్రూపే సరి. మీ పిల్లాడి పుట్టిన నెల కాదు, 2028లోనో 2030లోనో వాడు ఏ తరగతిలో ఉంటాడన్నది కాగితం మీద రాసుకోండి. జవాబు అక్కడే ఉంటుంది.

టెక్సాస్ మిత్రులు “మాకు హైస్కూల్ సీజన్ చలికాలంలో కదా” అంటారు. ఫాల్ బదులు జనవరి తర్వాత అదే కథ. నెలలే మారతాయి.

కాలేజీ గురించి అడిగేవాళ్లకు రెండు ముక్కలు. కాలేజీ కోచ్‌లు పిల్లల్ని గ్రాడ్యుయేషన్ సంవత్సరంతో లెక్కేస్తారు. డివిజన్ 1 (కాలేజీ ఆటల్లో పై స్థాయి) కోచ్‌లు సోఫమోర్ సంవత్సరం, అంటే పదో తరగతి అయ్యాక జూన్ 15 నుంచే పిల్లలతో నేరుగా మాట్లాడొచ్చు. పై తరగతి టీమ్‌లో ఉంటే, చూడ్డానికి వచ్చిన కోచ్ పక్క పిల్లాడి సంవత్సరం కోసం వచ్చి ఉంటాడు. కానీ పదకొండేళ్ల పిల్లాడి టీమ్‌ను స్కాలర్‌షిప్ చూసి ఎంచుకునేవాళ్లతో నాకు వాదించే ఓపిక లేదు.

ఒకే గ్రూపులో కొన్ని నెలలు పెద్దవాళ్లకుండే లాభం సంగతి చాలామంది ఎత్తుతున్నారు. నిజమే. మా టీమ్ పద్నాలుగు మందిలో ఆగస్టు నుంచి డిసెంబరు పిల్లలు నలుగురే. పన్నెండింట అయిదు నెలలంటే ఆరుగురు ఉండాలి. జనవరి పిల్లలు ఎనిమిదేళ్లప్పుడే కాస్త ఎత్తుగా, కాస్త వేగంగా ఉంటారు. మొదటి టీమ్‌కు వాళ్లే ఎంపికవుతారు, మంచి కోచ్ వాళ్లకే దొరుకుతాడు, తేడా ఇంకా పెరుగుతుంది. ఇకనుంచి ఆ పెద్దరికం ఆగస్టు పిల్లలకు వస్తుంది. జూన్, జూలై పిల్లలు గ్రూపులో అందరికన్నా చిన్నవాళ్లవుతారు. ఇంతకాలం నడుమ ఉన్నవాళ్లు. వాళ్లకు కిందికి వెళ్లే దారి లేదు, ఎవరూ వాళ్లను ఏమీ అడగలేదు కూడా. మావాడికి కలిసొచ్చింది కాబట్టి నేను చప్పట్లు కొడుతున్నానని ఎవరైనా అంటే కాదనను.

ఇతర దారులు కొన్ని ఉన్నాయి. మేజర్ లీగ్ సాకర్ నడిపే పిల్లల లీగు ఎంఎల్ఎస్ నెక్స్ట్‌లో పై స్థాయి హోమ్‌గ్రోన్ డివిజన్ పుట్టిన సంవత్సరం లెక్కే కొనసాగిస్తోంది. ఆ స్థాయి పిల్లలైతే మీకు ఈ వ్యాసం అవసరం లేదు. ఊరి రెక్రియేషన్ లీగులో సరదాకు ఆడేవాళ్లకు స్నేహితులెక్కడుంటే అక్కడే, ఇంకో ఆలోచన వద్దు. ఈ గందరగోళంలో క్లబ్బే మార్చేద్దామనుకునేవాళ్లు ఒక ఏడాది ఆగండి. ఈ వసంతంలో ఏ క్లబ్బుకూ తన టీమ్‌లు ఎలా ఉండబోతున్నాయో స్పష్టత లేదు.

క్లబ్బుల మీద కోపం తెచ్చుకునేవాళ్లకు ఒక మాట. మూడు నాలుగేళ్లు కూర్చిన ప్రతి టీమూ రెండు ముక్కలవుతోంది. ఒక ముక్క పై ఏడాది పిల్లలతో, ఇంకోటి కింది ఏడాది పిల్లలతో కలవాలి. తొమ్మిది మంది ఆటకు రోస్టర్, అంటే టీమ్ జాబితా పదహారు దాటకూడదు. మొదటి టీమ్‌లో ఉన్నవాడు రెండో టీమ్‌లో పడతాడు, వాళ్ల నాన్న అర్ధరాత్రి మెయిల్ రాస్తాడు. మా క్లబ్బు డైరెక్టరు ట్రైఅవుట్ల వారంలో ఫోన్ ఎత్తడమే మానేశాడు. నేను కూడా తిట్టుకున్నాను, ఇప్పుడు జాలేస్తోంది. అయితే ఒకటి. ట్రైఅవుట్ అవగానే రెండు రోజుల్లో జవాబివ్వాలని, డిపాజిట్ కట్టాలని తొందరపెట్టే చోట ఆగి అడగండి: ఎనిమిదో తరగతి ఫాల్‌లో ప్లే అప్ పిల్లలకు ఏ టీమ్ ఉంటుంది? సూటిగా చెప్పలేకపోతే అదే జవాబు.

వెనక్కి తిరిగే దారి గురించీ ఆలోచించాం. ఇప్పుడు యూ12లో చేరి, బాగా ఆడితే మధ్యలో పైకి పిలుస్తారు. ఆదివారం ఆటలకు మనిషి తక్కువైతే ముందు పిలిచేది వాళ్లనే. ఇప్పుడు పైకి వెళ్లి, అక్కడ బెంచీ మీద కూర్చుని, ఏడాది తర్వాత కిందికి రావాలంటే? నియమం ఒప్పుకుంటుంది, చోటు ఉండదు. ఆ చోటులో ఇంకెవరో కుదురుకుని ఉంటారు.

మావాణ్ని యూ12లోనే వేశాం. మొదటి ప్రాక్టీసు నుంచి వచ్చి కారెక్కుతూ “మా లంచ్ టేబుల్ వాళ్లు ముగ్గురున్నారు” అన్నాడు. పాత టీమ్ గురించి అడిగితే కిటికీ వైపు తిరిగాడు. ఆ బెంగ తీరడానికి కొంతకాలం పడుతుంది, నేను దాన్ని తక్కువ చెయ్యను. ప్రాక్టీసు మంగళ, గురువారాలు, సాయంత్రం ఆరింటికి. కార్‌పూల్‌కు ఇద్దరు దొరికారు, గురువారానికి ఇంకొకరు కావాలి.