ఎస్ప్లనేడ్ మెట్రో: ముప్పై ఏళ్లు వాడినవాడి మాట

మాది ఆమదాలవలస. 1993 నుంచి ముప్పై ఏళ్లు కలకత్తాలో ఉద్యోగం. టాలీగంజ్‌లో గది, ధర్మతలాలో ఆఫీసు. రోజూ ఎస్ప్లనేడ్ మెట్రోలోనే దిగేవాణ్ణి. నేను వెళ్లిన కొత్తలో మా లైనుకి అదే చివరి స్టేషన్. 1995లో గానీ డమ్‌డమ్ దాకా కలవలేదు. ఇప్పుడు ఊళ్లోనే ఉన్నా, అమ్మాయి అక్కడే ఉండటంతో వెళ్లి వస్తుంటాను.

దేశంలో మొదటి మెట్రో నడిచింది ఇక్కణ్ణుంచే. 1984 అక్టోబర్ 24న ఎస్ప్లనేడ్ నుంచి భవానీపూర్‌కి, 3.4 కిలోమీటర్లు. శంకుస్థాపన మాత్రం 1972 డిసెంబర్‌లోనే అయింది. రోడ్డు తవ్వి, లోపల కాంక్రీటు పెట్టె కట్టి, మళ్లీ మట్టి కప్పే పద్ధతి. జూట్ మిల్లులో పనిచేసిన మా చిన్నాన్న, "ఎటు నడిచినా గొయ్యే రా అప్పట్లో" అనేవాడు. ఏసీ పెట్టెలు 2010లో వచ్చాయి. అంతకుముందు మే నెల ప్రయాణం గురించి, శ్రీకాకుళం ఉక్క ఎరిగినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

కానీ హౌరాలో రైలు దిగే మనవాళ్లకి ఈ స్టేషన్ నలభై ఏళ్లు అక్కరకు రాలేదు. మధ్యలో నది. లాంచీ ఎక్కాలి, లేదా బస్సు. ఓసారి పలాస జీడిపప్పు, తాటి తాండ్ర సంచులతో మినీబస్సెక్కితే కండక్టరు సంచులకీ టికెట్టు కొట్టాడు.

2024 మార్చిలో హౌరా నుంచి ఎస్ప్లనేడ్‌కి హుగ్లీ (మన గంగ పాయే) కింద సొరంగంలో బండ్లు మొదలయ్యాక ఆ బాధ తీరింది. నది కింద దూరం 520 మీటర్లు, ముప్పావు నిమిషం. మా ఆవిడ వంశధార వంతెన మీద కూడా రూపాయి వేసే మనిషి. గంగ వస్తే చెప్పమని చేతిలో నాణెం పట్టుకుని కూర్చుంది. నేను చెప్పేలోపే దాటేశాం. ఆ నాణెం వెయ్యడానికి కిటికీ తెరుచుకుంటేగా!

ఎస్ప్లనేడ్‌లో లైను మారేటప్పుడు బోర్డులు చూసుకోండి. కబుర్లలో పడి నేనే ఓసారి దారి తప్పాను. పాత లైను పట్టాలు మన ఆమదాలవలస పట్టాలంత వెడల్పు, కొత్తవి 1,435 మిల్లీమీటర్లే. అందుకే ఆ బండి ఇటు రాదు, దిగి నడవాల్సిందే. సీల్దా రైల్వే స్టేషన్‌కైతే దిగక్కర్లేదు, 2025 ఆగస్టు నుంచి హౌరా బండి నేరుగా వెళ్తోంది.

అన్నట్టు, లోపలికి వెళ్లేటప్పుడు సంచుల్ని స్కానింగ్ యంత్రంలో పెట్టాలి. ఆవకాయ జాడీ ఉంటే మూతకి గుడ్డ బిగించి కట్టండి.