జర్మన్ జెండా వెంట: హాంబాఖ్ కోట నుంచి రైఖ్‌స్టాగ్ దాకా

జర్మన్ జెండా పుట్టుపూర్వోత్తరాలు చూడాలనుకునేవాళ్లకి బెర్లిన్ కంటే ముందు హాంబాఖ్ కోట. 1832 మే 27న 20,000 మందికి పైగా జనం నలుపు, ఎరుపు, బంగారు రంగులతో ఈ గుట్ట ఎక్కి స్వేచ్ఛ, ఐక్యత కావాలన్నారు. అప్పటి అసలు జెండా లోపలే ఉంది. మధ్య ఎరుపు పట్టీ మీద 'జర్మనీ పునర్జన్మ' అన్న జర్మన్ అక్షరాలు దగ్గరికెళ్లి చదవొచ్చు.

బసకు మన్‌హైమ్ నయం. లోకల్ రైల్లో నోయ్‌స్టాట్ అరగంట, అక్కణ్ణుంచి కోటకి బస్సు. ఆఖరి బస్సు టైము చూసుకోకుండా ఎక్కితే దిగడం కాళ్లమీదే. దేశమంతా లోకల్ రైళ్లు, బస్సుల్లో తిరగడానికి ఇచ్చే డాయిచ్‌లాండ్ టికెట్ వీటికి చెల్లుతుంది, ఐసీఈ అనే హైస్పీడ్ రైళ్లకి చెల్లదు. పైగా అది నెలవారీ చందా. 10వ తేదీలోపు రద్దు చేయకపోతే వచ్చే నెల డబ్బు కూడా కట్ అవుతుంది.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో పౌల్స్‌కిర్షె అనే పాత చర్చికి అరగంట చాలు. 1848లో తొలి జాతీయ పార్లమెంటు కూర్చున్నది ఇక్కడే అయినా, 1944 బాంబుల్లో కాలిపోయాక లోపలంతా కొత్తగా కట్టిందే.

బెర్లిన్‌లో పార్లమెంటు భవనం రైఖ్‌స్టాగ్ ప్రవేశం ఉచితం, కానీ ముందే నమోదు చేసుకోవాలి. పేరు, ఇంటిపేరు, పుట్టినతేదీ పాస్‌పోర్టులో ఉన్నట్టే ఇవ్వండి. గేటు దగ్గర అసలు పాస్‌పోర్టు అడుగుతారు. చాలామంది డోమ్ మాత్రమే బుక్ చేసి నిరాశపడతారు, పైనుంచి సభ లీలగానే కనిపిస్తుంది. సభలో వేలాడే జర్మనీ చిహ్నం గద్ద నిండుగా కనబడాలంటే సభా గ్యాలరీలో జరిగే 45 నిమిషాల ప్రసంగం ఎంచుకోండి, ఎక్కువగా జర్మన్‌లోనే సాగినా సరే. అప్పటి పశ్చిమ జర్మనీ రాజధాని బాన్‌లోని సభకోసం 1953లో లుడ్విగ్ గీస్ చేసిన బొద్దు గద్దకు 'లావు కోడిపెట్ట' అని పేరు పడింది. ఇక్కడున్నది దాని మార్పుచేసిన రూపం, బరువు 2.5 టన్నులు. బయట 28 మీటర్ల స్తంభంపై ఉన్న 6×10 మీటర్ల జెండాను ఏకీకరణ వేళ, 1990 అక్టోబర్ 3 అర్ధరాత్రి ఎగరేశారు.

తూర్పు జర్మనీ జెండా 1959 దాకా పశ్చిమానిదే. ఆ తర్వాతే సుత్తి, వృత్తలేఖిని, రై కంకుల దండ దానిమీదికొచ్చాయి. బెర్లిన్‌లోని డీడీఆర్ (తూర్పు జర్మనీ) మ్యూజియంలో ఆ కాలం బాగానే తెలుస్తుంది గానీ ఇరుకు, తోపులాట, పొద్దున్నే వెళ్లండి. జర్మన్ చరిత్ర మ్యూజియం పాత భవనంలోని శాశ్వత ప్రదర్శన మరమ్మతుల కోసం 2021లో మూసేశారు. పాత గైడ్లు నమ్మకుండా తెరిచారో లేదో చూసుకునే కదలండి.

జెండా కొంటే మూడు పట్టీలదే కొనండి. గద్ద డాలు ఉన్నది ప్రభుత్వ కార్యాలయాల జెండా, సొంతానికి ఎగరేస్తే జరిమానా పడొచ్చు. ఇక స్వస్తిక జెండా ప్రదర్శించినా, రైఖ్‌స్టాగ్ ముందు సరదాకి నాజీ సెల్యూట్ చేసి ఫొటో దిగినా క్రిమినల్ కేసే: మూడేళ్లదాకా జైలు.