చెన్నై రేవులో ఓడ దిగి తిరుపతి చేరేదాకా

క్రూయిజ్‌కి వెళ్లొచ్చామని తెలియగానే మా వీధిలో అందరూ అడిగింది తిండి గురించి, స్విమ్మింగ్ పూల్ గురించి. దిగడం ఎలా జరిగిందని ఒక్కరూ అడగలేదు. ముసలివాళ్లు, చిన్నపిల్లలు ఉన్న కుటుంబానికి టూరు బాగుందా లేదా అన్నది తేలేది మాత్రం ఆఖరి రోజు పొద్దున్నే.

మాది చెన్నైలో ఎక్కించుకుని, శ్రీలంక చూపించి, మళ్లీ చెన్నైలోనే దించే ఓడ. త్రింకోమలీలో కొండ మీద కోనేశ్వర స్వామి దర్శనం బాగా అయింది, అత్తమ్మకు తృప్తి. పిల్లలు పూల్ వదిలి రాలేదు. చెప్పుకోవాల్సిన కథంతా చివరి రాత్రి మొదలైంది.

ఆ సాయంత్రం కేబిన్‌లోకి రంగు ట్యాగులు, ఒక కాగితం వచ్చాయి. పెద్ద పెట్టెలకు ట్యాగులు కట్టి రాత్రి 11 లోపు తలుపు బయట పెట్టాలి. వాళ్లే దించి, మర్నాడు టెర్మినల్ హాల్లో రంగులవారీగా పెడతారు. అలిపిరిలో నడకదారి భక్తులు సంచులు కౌంటర్లో ఇచ్చేసి కొండ మీద తీసుకుంటారే, అచ్చం అదే పద్ధతి. కాకపోతే ఇక్కడ సంచి ఇచ్చేది రాత్రి, దిగేది పొద్దున. మధ్యలో బట్టలు మార్చుకోవాలన్న సంగతి చాలామంది మర్చిపోతారు. మా పక్క కేబిన్‌లో నెల్లూరు పెద్దాయన ఉన్నాడు. వాళ్లావిడ ఎంత శ్రద్ధగా సర్దిందంటే, పొద్దున ఆయనకు కట్టుకున్న లుంగీ, పైన బనియను తప్ప ఏమీ మిగల్లేదు. మా ఆయన ప్యాంటు ఇచ్చి చూశాడు, నడుం దగ్గర చాల్లేదు. మా ఆయన చొక్కా, ఆయన లుంగీ. ఆ వేషంలోనే ఇమిగ్రేషన్ లైన్లో నిలబడ్డాడు పాపం. ఆఫీసరు కాస్త నవ్వాడు గానీ ఏమీ అనలేదు.

కాబట్టి చేతిసంచిలో ఇంటిల్లిపాదికీ తలా ఒక జత బట్టలు, పాస్‌పోర్టులు, మందులు, ఛార్జర్లు, పిల్లలకు బిస్కెట్లు ఉంచుకోండి. పెట్టెల మీద పాత విమానం స్టిక్కర్లు ఉంటే పీకేయండి. ట్యాగు కనిపించేలా పెట్టెకు ఒక ఫోటో తీసుకోండి, హాల్లో నల్ల పెట్టెలన్నీ ఒకేలా ఉంటాయి. మీ సామాను మీరే మోసుకుంటే అందరికంటే ముందు దింపుతామని కూడా ఆ కాగితంలో ఉంటుంది. కుర్రాళ్లకైతే బాగుంటుంది, మోకాళ్ల నొప్పులున్న మనిషితోనూ ఆరేళ్ల పాపతోనూ ఆ పని పెట్టుకోకండి.

ఇక బిల్లు. ఓడలో చేతి డబ్బు చెల్లదు, ఎక్కినప్పుడు ఇచ్చిన కార్డు మీదే అంతా రాసుకుంటారు. నేను ఆఖరి రాత్రి భోజనానికి ముందే కౌంటర్‌కి వెళ్లి కాగితం అడిగాను. మొత్తం 7,460 రూపాయలు. అందులో 1,180 రూపాయలకు బార్‌లో రెండు మాక్‌టెయిల్స్ (మందు కలపని డ్రింకులు) ఉన్నాయి. మాలో ఎవరూ తాగలేదు. కౌంటర్‌లో ఉన్న అమ్మాయి తల కూడా ఎత్తకుండా, "మీ అబ్బాయి కార్డు మీదే ఉంది మేడమ్, పిల్లలు ఇంట్లో చెప్పరు" అంది. నాకు ఒళ్లు మండింది. వాడు అప్పటికే వెంకన్న మీద ఒట్లు వేస్తున్నాడు. "సంతకం పెట్టిన స్లిప్ చూపించండి, వాడిదైతే రెండింతలు కడతా" అన్నాను. లోపలికి వెళ్లి ఇరవై నిమిషాలకు వచ్చి, వేరే కేబిన్‌దట, తీసేశాం అంది. సారీ అన్న మాట మాత్రం రాలేదు. పొద్దున అదే కౌంటర్ దగ్గర లైను లిఫ్టుల దాకా ఉంది. ఆ లైన్లో ఉన్నవాళ్లకు మెయిల్ పెట్టండి, చూస్తాం అని చెప్పి పంపేస్తున్నారు. రాత్రే వెళ్లండి. పిల్లల కార్డుల మీద కొనుగోళ్లు ఆపేయమని ఎక్కిన రోజే అడగండి, ఆపుతారు. తలకింత, రాత్రికింత అని సర్వీస్ ఛార్జ్ కూడా పడుతుంది. అది టికెట్లో కలిసి ఉందో లేదో కొనేటప్పుడే తేల్చుకోండి.

ఆ అమ్మాయి మీద కోపం పొద్దున ఒక కుర్రాడు పోగొట్టాడు. అత్తమ్మకు వీల్‌చైర్ కావాలని ముందురోజే పేరు రాయించాం. చెప్పిన టైముకి, 8 గంటలకు, తలుపు తట్టాడు. అందరూ ఎక్కే లిఫ్టుల ముందు జాతర నడుస్తుంటే, మమ్మల్ని సిబ్బంది వాడే లిఫ్టులో దించి, ర్యాంప్ దాటించి, ఇమిగ్రేషన్లో విడిగా ఉన్న కౌంటర్ దగ్గరికి తీసుకెళ్లాడు. పెట్టెలు వెతికి తెచ్చిందాకా పక్కనే నిలబడ్డాడు. అత్తమ్మ 500 ఇవ్వబోతే వద్దన్నాడు. ప్రసాదం అని చెప్పి ఆవిడ దాచుకున్న లడ్డూ చేతిలో పెడితే కళ్లకద్దుకున్నాడు. మిగతావాళ్లను ట్యాగు రంగులవారీగా పిలిచి దించుతారు. మాతో వచ్చిన మా అక్కావాళ్ల రంగు 8:30కి పిలుస్తామని రాసి, పిలిచింది 9:15కి. వాళ్లు లాంజ్‌లో కూర్చోకుండా మెట్ల మీద సంచులతో నిలబడి కాళ్లు పీక్కుపోయి దిగారు. పిలుపు మైకులో ఎక్కడున్నా వినపడుతుంది, హాయిగా టిఫిన్ చేసి కూర్చోవచ్చు.

దానికితోడు అక్కకు ఇంకో లైను. బుజ్జి ఎలక్ట్రిక్ కుక్కర్ తీసుకొచ్చింది, అన్నం దొరకదేమోనని. మంటల భయంతో కుక్కర్, కెటిల్, ఇస్త్రీపెట్టె లాంటివి ఎక్కేటప్పుడే స్కానింగ్‌లో తీసేసుకుంటారు, దిగేటప్పుడు రసీదు చూపించి తీసుకోవాలి. "వదిలెయ్యవే" అని బావ అంటే, "1,650 పెట్టి కొన్నా" అని కదల్లేదు. ఓడలో రోజూ పెరుగన్నం పెట్టారు, అది వేరే సంగతి.

ఇంత సాఫీగా దిగాక అసలు దెబ్బ బయట తగిలింది. తిరుపతిలో మాకు టికెట్లు ఇచ్చిన ఏజెంటు "టెర్మినల్ గుమ్మంలోకే కారు" అని 6,800 ముందే కట్టించుకున్నాడు. పాస్ లేని బండిని పోర్టు లోపలికి రానివ్వరు. డ్రైవర్ ఫోన్ చేసి గేటు దగ్గరికి రమ్మన్నాడు. నిండిపోయిన షటిల్ బస్సులు రెండు వదిలేసి, మూడోదాంట్లో పడి, ఎండలో గేటు చేరేసరికి 11 దాటింది. అక్కడ డ్రైవర్ వెయిటింగ్ 800 అన్నాడు. కాదంటే ఏజెంటుకు ఫోన్ కలిపి తమిళంలో, కొండ కింది వాళ్లు, గట్టిగా అడిగితే ఇచ్చేస్తారు అన్నాడు. మా ఆయన పుట్టి పెరిగింది నగరిలో. అంతే ధాటిగా తమిళంలోనే అందుకున్నాడు. 800 మాట పోయింది, దాంతోపాటే తిరువళ్లూరు దాకా ఏసీ కూడా పోయింది. ఆ కోపంలో మా ఆయన పుత్తూరు వచ్చేదాకా నోరు విప్పలేదు. ఇంటికొచ్చాక ఏజెంటు 1,500 వెనక్కిచ్చాడు, అదీ ఆయన ఆఫీసులో గంట కూర్చుంటే.

నన్నడిగితే కారే వద్దు. చెన్నై సెంట్రల్ అక్కడికి దగ్గరే. తిరుపతి వెళ్లే సప్తగిరి ఎక్స్‌ప్రెస్ పొద్దున్నే వెళ్లిపోతుంది కాబట్టి అందదు, మధ్యాహ్నం 2 దాటాక ఉన్న బండికో, సాయంత్రం గరుడాద్రికో రిజర్వేషన్ చేసుకోండి. దొరక్కపోతే చెన్నైలోనే మాధవరం బస్టాండు నుంచి మన ఆర్టీసీ బస్సులున్నాయి. దిగే రోజు మధ్యాహ్నం 1 లోపు రైలు గానీ విమానం గానీ పెట్టుకుంటే టెన్షన్ తప్ప ఏమీ ఉండదు.

పిల్లలతో వెళ్లేవాళ్లకు ఇంకో రెండు మాటలు. ఎక్కిన రోజు సేఫ్టీ డ్రిల్ (ప్రమాదం వస్తే ఏం చేయాలో చూపించేది) బోరని కేబిన్‌లో దాక్కోకండి. 2012లో ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా అనే క్రూయిజ్ ఓడ ఒరిగినప్పుడు, ఆరోజే ఎక్కిన వందల మందికి ఇంకా డ్రిల్ జరగనే లేదు. పాపకు సరిపడే చిన్న లైఫ్ జాకెట్ కేబిన్‌లో ఉందో లేదో అప్పుడే అడిగి తెప్పించుకోండి. ఫోన్లు ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, ఓడ నెట్‌వర్క్ తగులుకుంటే రోమింగ్ బిల్లు బాదేస్తుంది. కేబిన్ ఓడ మధ్యలో, కింది అంతస్తులో తీసుకోండి, ఊపు తక్కువ. బాల్కనీకి మనిషికి 9,000 ఎక్కువ అడిగారు. ఆరేళ్ల పాప రెయిలింగ్ ఎక్కుతుందేమోనని కాపలా కాయడానికి అంత డబ్బు ఎందుకని మేం కిటికీ ఉన్న గది తీసుకున్నాం. సముద్రం అందులోంచీ కనిపించింది.